గని మూతపడ్డాక నిలిచిన జట్టు

ఫ్లిన్ ఫ్లాన్ బాంబర్స్: ఒక గనుల ఊరి కుర్రాళ్ల ఐస్ హాకీ చరిత్ర
(టైడాలో చేసిన స్మారకోపన్యాసం, అచ్చు పాఠం)

1. ఊరు

ఫ్లిన్ ఫ్లాన్ కెనడా ఉత్తరాన, మానిటోబా, సస్కాచెవాన్ ప్రావిన్సుల సరిహద్దు గీత మీద ఉన్న చిన్న ఊరు. ఇళ్లలో ఎక్కువ భాగం మానిటోబా వైపు, కొద్ది భాగం సస్కాచెవాన్ వైపు ఉంటాయి. మానిటోబా రాజధాని విన్నిపెగ్ నుంచి రోడ్డున వెళ్తే 700 కిలోమీటర్లు దాటాలి. 2021 జనగణన నాటికి ఊరి జనాభా సుమారు 5,000. ఈ ఊరికి బాంబర్స్ అనే ఐస్ హాకీ జట్టు ఉంది. పదహారు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఆడే జట్టు అది. 1957లో దేశంలోకెల్లా గొప్ప జూనియర్ కప్పును గెలిచింది. 1960లలో ప్రపంచ హాకీ మరచిపోలేని ఇద్దరు ఆటగాళ్లను తయారుచేసింది. 1978లో పెద్ద లీగులో స్థానం పోగొట్టుకుంది. ఊరి గనుల్లో చివరిది 2022లో మూతపడింది. బాంబర్స్ మాత్రం ఇప్పటికీ అదే ఊళ్లో ఆడుతోంది. గని పోయిన చోట జట్టు ఎలా నిలిచిందో తెలియాలంటే ఊరి పుట్టుక దగ్గరి నుంచి మొదలుపెట్టాలి.

ఆ నేలంతా రాయి. కెనడియన్ షీల్డ్ అనే అతి ప్రాచీన శిలాఫలకం మీద పలచటి మట్టి పొర, దాని మీద దేవదారు జాతి అడవులు, మధ్యమధ్య వేలాది సరస్సులు. అది క్రీ తెగ మూలవాసుల వేట నేల. 1915 ప్రాంతంలో టామ్ క్రైటన్ అనే అన్వేషకుడి బృందం అక్కడ రాగి, జింకు ఖనిజాన్ని నమోదు చేయించుకుంది. ఖనిజం ఉన్న చోటును క్రైటన్‌కు చూపించినవాడు డేవిడ్ కాలిన్స్ అనే స్థానిక వేటగాడని ఊరి చరిత్ర చెబుతుంది. ఊరి పేరు 1905లో అచ్చయిన ‘ది సన్‌లెస్ సిటీ’ అనే చౌకబారు నవల నుంచి వచ్చింది. అందులోని నాయకుడు ఫ్లింటబ్యాటీ ఫ్లొనాటిన్. జలాంతర్గామిలో ఒక సరస్సు అడుగుకు దిగి బంగారు లోకం చూసివస్తాడు. అడవిలో దొరికిన ఆ పుస్తకం చదివిన అన్వేషకులు తమ గనికి అతని పేరు పెట్టారు.

ఖనిజం దొరికిన పుష్కరం తర్వాత గాని గని పని మొదలు కాలేదు. రాగి, జింకు కలిసిపోయి ఉన్న ఆ ఖనిజాన్ని విడదీసే పద్ధతి కుదరాలి, పెట్టుబడి రావాలి, అన్నిటికీ మించి రైలు రావాలి. న్యూయార్క్‌కు చెందిన విట్నీ కుటుంబం డబ్బుతో 1927లో హడ్సన్ బే మైనింగ్ అండ్ స్మెల్టింగ్ కంపెనీ ఏర్పడింది. 1928లో ద పా అనే ఊరి నుంచి రైలు మార్గం ఫ్లిన్ ఫ్లాన్ చేరింది. 1930లో లోహం కరిగించే కొలుములు వెలిగాయి.

ఈ వరస తూర్పు కనుమల్లోని టైడా ప్రాంతానికి పరిచయమైనదే. బొడ్డవర దాటి శివలింగపురం, టైడా, చిమిడిపల్లి మీదుగా సొరంగాల్లో దూరి బొర్రా వైపు ఎక్కే కొత్తవలస–కిరండూల్ మార్గం 1960లలో బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి వేసింది. ప్రయాణికుల బండి ఆ పట్టాల మీదికి తర్వాత వచ్చింది. ఖనిజం కోసం వేసిన దారి పక్కన బతికే ఊళ్లకు ఒక ప్రశ్న తప్పదు: ఖనిజం వెళ్లిపోయాక ఊరికి మిగిలేదేమిటి? ఫ్లిన్ ఫ్లాన్‌లో ఆ ప్రశ్నకు దొరికిన జవాబుల్లో జట్టు ఒకటి.

2. ఆట

ఐస్ హాకీలో ఒక్కో వైపు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు మంచు మీద ఉంటారు. కాళ్లకు ఉక్కు అంచున్న స్కేట్లు, చేతిలో వంపు కర్ర. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది; దాన్ని పక్ అంటారు. అంగుళం మందం, మూడంగుళాల వ్యాసం ఉన్న ఈ బిళ్లను ఎగిరిపడకుండా ఆటకు ముందు గడ్డకట్టిస్తారు. ఆట జరిగే మంచు మైదానాన్ని రింకు అంటారు; ఉత్తర అమెరికాలో దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. చుట్టూ గోడ. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు ఆడతారు. వేగం ఎంతంటే ఆటగాడు నిమిషం లోపే అలసిపోతాడు. అందుకే ఆట ఆగకుండానే మంచు మీది వాళ్లు బయటికి, బెంచీ మీది వాళ్లు లోపలికి మారుతూ ఉంటారు. ఎదుటివాణ్ని భుజంతో ఢీకొట్టడం నియమాల్లో భాగం.

ఏడాదిలో ఆరు నెలలు సరస్సులు గడ్డకట్టి ఉండే చోట ఈ ఆటకు మైదానం కొనక్కర్లేదు. నడక వచ్చిన పిల్లలు స్కేట్ల మీద నిలబడతారు. ఇంటి వెనక నీళ్లు పోసి వదిలేస్తే తెల్లారేసరికి రింకు తయారు. పేదవాడి పిల్లలకూ అందిన ఆట కావడం వల్లే కెనడా చిన్న ఊళ్లలో హాకీ అంత లోతుగా పాతుకుపోయింది.

పదహారు నుంచి ఇరవై ఏళ్ల వయసులో, వృత్తి ఆటగాడు కావడానికి ముందున్న దశను జూనియర్ హాకీ అంటారు. ఆటగాళ్లలో సగానికి పైగా వేరే ఊళ్ల వాళ్లే అయి ఉంటారు. వాళ్లకు హాస్టళ్లు ఉండవు. ఊళ్లోని కుటుంబాలే ఒక్కో కుర్రాణ్ని తమ ఇంట్లో పెట్టుకుని, తిండి పెట్టి, చదువు చూసి, ఆటకు పంపుతాయి. దేశస్థాయి జూనియర్ పోటీకి ఇచ్చే బహుమతి పేరు మెమోరియల్ కప్పు, అంటే స్మారక కప్పు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కెనడా సైనికుల జ్ఞాపకార్థం 1919లో దాన్ని నెలకొల్పారు. ఆ సైనికుల్లో చాలామంది జూనియర్ ఆటగాళ్ల వయసు వాళ్లే. చనిపోయిన యువకుల పేరున బతికున్న యువకులు ఆడే పోటీ అది.

3. మొదటి దశ: 1927 నుంచి 1957

బాంబర్స్ పుట్టిన ఏడాదిగా 1927ను చెప్పుకుంటారు. ఊరికింకా రైలు కూడా రాని ఏడాది అది. మొదట్లో అది పెద్దవాళ్ల జట్టు. గనిలో, కొలిమి దగ్గర పనిచేసేవాళ్లు ఆడేవారు. బాగా ఆడేవాడికి కంపెనీలో పని దొరికేది. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ పని కోసం మైదాన ప్రాంతాల నుంచి కుర్రాళ్లు ఉత్తరానికి వచ్చేవారు. తర్వాతి కాలంలో వృత్తి జట్టు డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కు నాయకుడై పేరు తెచ్చుకున్న సిడ్ ఏబెల్ 1937–38లో ఇక్కడే ఆడాడు.

కంపెనీ దయ మీదే ఊరు నడిచిందని దీన్నిబట్టి అనుకోకూడదు. 1934లో గని కార్మికులు పెద్ద సమ్మె చేశారు. ఆడవాళ్లు ముందు వరసలో నిలిచారు. పోలీసు బలగాలు దిగాయి, సమ్మె ఓడిపోయింది. కంపెనీకీ కార్మికుడికీ మధ్య తగువు ఆ తర్వాత కూడా తీరలేదు. కానీ శనివారం రాత్రి రింకులో ఇంజనీరు, కార్మికుడు, దుకాణదారు ఒకే బల్ల మీద కూర్చుని ఒకే జట్టు కోసం అరిచేవారు. ఊళ్లో అందరికీ ఉమ్మడిగా చెందిన వాటిలో జట్టు ముఖ్యమైనది అయింది.

1940ల చివర్లో బాంబర్స్ జూనియర్ జట్టుగా సస్కాచెవాన్ లీగులో స్థిరపడింది. పదేళ్లలోపే శిఖరం అందుకుంది. 1956–57లో శిక్షకుడు బాబీ కర్క్, జట్టు నాయకుడు టెడ్ హాంప్సన్. పశ్చిమ కెనడా అంతటినీ గెలిచి మెమోరియల్ కప్పు తుది పోరుకు చేరారు. ఎదురుగా ఉన్నది ఒట్టావా జూనియర్ కెనడియన్స్. అప్పట్లో వృత్తి హాకీని ఏలుతున్న మాంట్రియల్ కెనడియన్స్ డబ్బుతో, సామ్ పొలాక్ లాంటి దిట్ట నిర్వాహకుడి చేతిలో పెరిగిన జట్టు అది. దేశం నలుమూలల నుంచి ఏరిన కుర్రాళ్లు అందులో ఉన్నారు.

ఏడు ఆటల పోరు. కొన్ని ఫ్లిన్ ఫ్లాన్‌లో, మిగిలినవి సస్కాచెవాన్ రాజధాని రెజైనాలో జరిగాయి. ఇరుపక్షాలూ మూడేసి గెలిచాయి. ఏడో ఆట గెలిచి బాంబర్స్ 4–3తో కప్పు తీసుకుంది. ఆ కప్పు అంత ఉత్తరాన ఉన్న గనుల ఊరికి రావడం దేశానికే ఆశ్చర్యం. హాంప్సన్ తర్వాత ఉత్తర అమెరికా అగ్రశ్రేణి వృత్తి పోటీ అయిన నేషనల్ హాకీ లీగులో చాలా ఏళ్లు ఆడి, పట్టుదలకూ క్రీడా నిష్ఠకూ ఇచ్చే బిల్ మాస్టర్టన్ ట్రోఫీని 1969లో అందుకున్నాడు.

మరుసటి ఏడాది, 1958లో, సుమారు రెండు వేల మంది పట్టే విట్నీ ఫోరం అనే రింకు తెరిచారు. మెరూన్, తెలుపు దుస్తుల బాంబర్స్‌కు నేటికీ అదే ఇల్లు.

4. రెండో దశ: గినెల్, క్లార్క్, లీచ్

1957 జట్టులో ఆడినవాళ్లలో పాట్ గినెల్ ఒకడు. 1966లో అతను శిక్షకుడిగా తిరిగి వచ్చాడు. గినెల్ పద్ధతి కఠినం: విపరీతమైన సాధన, వెనక్కి తగ్గని ఆట, సొంత రింకులో ఎదుటి జట్టును మొదటి నిమిషం నుంచే బెదరగొట్టడం. ఫోరం అంటే బయటి జట్లకు భయం పట్టుకుంది. రాత్రంతా బస్సులో వచ్చి, గడ్డకట్టే చలిలో దిగి, ఊరంతా నిండిన రింకులో ఆడటం సులువు కాదు. ఆ దూకుడు కొన్నిసార్లు హద్దు దాటిందన్న విమర్శా ఉంది. అది న్యాయమైనదే. ఆ కాలపు కెనడా హాకీ మొత్తానికి ఉన్న జబ్బు ఇక్కడా ఉంది.

1967లో పశ్చిమ కెనడా జూనియర్ లీగులో చేరిన బాంబర్స్ 1968 తుది పోరులో ఎస్టెవాన్ బ్రూయిన్స్ చేతిలో ఓడింది. 1969, 1970ల్లో వరసగా లీగు గెలిచింది. కానీ ఆ రెండేళ్లూ పశ్చిమ లీగు జాతీయ సంఘంతో తెగతెంపులు చేసుకుని ఉంది. అందువల్ల ఊరి చరిత్రలోకెల్లా బలమైన జట్లకు మెమోరియల్ కప్పు ఆడే అవకాశమే రాలేదు. పెద్దల తగాదాకు మూల్యం కుర్రాళ్లు చెల్లించారు.

ఆ జట్టుకు గుండెకాయ బాబీ క్లార్క్. 1949 ఆగస్టు 13న ఫ్లిన్ ఫ్లాన్‌లోనే పుట్టాడు. ఊళ్లో చాలామంది కుర్రాళ్లలాగే చదువు మధ్యలో వదిలి గని కంపెనీలో పనిచేశాడు. పొద్దున పని, సాయంత్రం సాధన. చిన్న వయసులోనే మధుమేహం బయటపడింది. ఇన్సులిన్ సూది మీద ఆధారపడే రకం. అయినా 1967–68లో 59 ఆటల్లో 51 గోల్స్ కొట్టి, మరో 117 గోల్స్‌కు పక్ అందించాడు. గోల్స్ కంటే అందించినవి రెట్టింపు దాటడం అతని స్వభావాన్ని చెబుతుంది.

1960లు ముగిసేదాకా వృత్తి క్లబ్బులు జూనియర్ జట్లను పోషించి, వాటి ఆటగాళ్ల మీద హక్కు పెట్టుకునేవి. ఆ పద్ధతి పోయి, క్లబ్బులు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ పద్ధతి స్థిరపడింది. 1967లో నేషనల్ హాకీ లీగు ఆరు జట్ల నుంచి పన్నెండుకు పెరిగింది. అంటే చిన్న ఊరి కుర్రాళ్లకు తలుపు తెరుచుకుంది. క్లార్క్ విషయంలో మాత్రం క్లబ్బులు వెనకాడాయి. మధుమేహం ఉన్నవాడు ఏడాదికి డెబ్బైకి పైగా ఆటలు తట్టుకోగలడా అన్నది వాటి సందేహం. గినెల్ ఊరుకోలేదు. కుర్రాణ్ని అమెరికాలోని మేయో క్లినిక్‌కు తీసుకువెళ్లి, జాగ్రత్తలు పాటిస్తే వృత్తి హాకీ ఆడవచ్చని వైద్యుల చేత రాయించి తెచ్చాడు. ఇంత చేసినా 1969లో మొదటి వంతులో అతణ్ని ఏ క్లబ్బూ తీసుకోలేదు. రెండో వంతులో, మొత్తం మీద 17వ వాడిగా ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ తీసుకుంది. ఆ తర్వాతిది హాకీ చరిత్ర. క్లార్క్ నాయకత్వంలో ఫ్లయర్స్ 1974, 1975ల్లో లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచింది. లీగులో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీని అతను 1973, 1975, 1976ల్లో మూడుసార్లు అందుకున్నాడు. 1987లో హాకీ కీర్తి మందిరంలో చేరాడు. మధుమేహం ఉన్న పిల్లలకు ఆటస్థలం తలుపు మూయకూడదని చెప్పడానికి వైద్యులకు ఒక పేరు దొరికింది.

రెండో వాడు రెజీ లీచ్. 1950లో మానిటోబాలోని రివర్టన్‌లో పుట్టాడు. ఒజిబ్వే తెగ మూలవాసి, తాతానానమ్మల పెంపకం, పేదరికం. ఎక్కడి నుంచో అడిగి తెచ్చుకున్న స్కేట్లతో ఆట నేర్చి, కుర్రవాడిగా ఫ్లిన్ ఫ్లాన్ చేరాడు. క్లార్క్ అందిస్తే లీచ్ కొట్టాలి. ఆ జంటకు ఎదురులేకపోయింది. 1967–68లో లీచ్ 59 ఆటల్లో 87 గోల్స్ కొట్టాడు. 1970లో బోస్టన్ అతణ్ని మూడో వాడిగా ఎంచుకుంది. 1974లో ఫిలడెల్ఫియా చేరి పాత జతగాణ్ని కలిశాడు. 1975–76లో లీగు దశలో 61 గోల్స్, తర్వాతి ప్లేఆఫ్ పోటీల్లో 19 గోల్స్ సాధించాడు. ఆ ఏడాది ఫ్లయర్స్ తుది పోరులో ఓడిపోయినా, ప్లేఆఫ్ ఉత్తమ ఆటగాడి బహుమతి కాన్ స్మైత్ ట్రోఫీ లీచ్‌కే ఇచ్చారు. ఓడిన జట్టు వాడికి ఆ బహుమతి రావడం చాలా అరుదు.

లీచ్ జీవితంలో మద్యం పెద్ద నష్టం చేసింది. ఆ సంగతి అతనే బాహాటంగా చెప్పి, దాన్నుంచి బయటపడి, తర్వాతి జీవితాన్ని మూలవాసి పిల్లలకు ఆట నేర్పడానికి, తప్పుదారుల గురించి హెచ్చరించడానికి వినియోగించాడు. మూలవాసి కుర్రాడి ప్రతిభను గుర్తించే వ్యవస్థ ఉంటే సరిపోదు, కొత్త లోకంలో అతనికి తోడు నిలిచే మనుషులూ ఉండాలని అతని కథ చెబుతుంది. గురుకులాలు, క్రీడా పాఠశాలలు నడిపేవారు ఈ భాగాన్ని గోల్స్ లెక్క కంటే శ్రద్ధగా చదవాలి.

5. మూడో దశ: పెద్ద లీగు పోయిన తర్వాత

1970లలో పశ్చిమ లీగు స్వరూపం మారింది. నగరాలు చేరాయి. 1976 నాటికి లీగు అమెరికాలోని పోర్ట్‌లాండ్ దాకా విస్తరించింది. బస్సు ప్రయాణాలు వేల కిలోమీటర్లకు పెరిగాయి. రెండు వేల మంది పట్టే రింకు టికెట్ల డబ్బుతో ఆ ఖర్చు తట్టుకోవడం అసాధ్యమైంది. 1978లో లీగు స్థానాన్ని అమ్ముకోక తప్పలేదు. జట్టు ఎడ్మంటన్‌కు తరలింది.

ఆ తర్వాత జరిగినదాన్ని రెండు దారులుగా చూడాలి. ఎడ్మంటన్ వెళ్లిన స్థానం అక్కడ ఒక్క సీజను నిలిచింది. 1979లో అమెరికాలోని గ్రేట్ ఫాల్స్‌కు, 1980లో స్పోకేన్‌కు మారి, 1981లో మూతపడింది. మూడు ఊళ్లూ ఫ్లిన్ ఫ్లాన్ కంటే ఎన్నో రెట్లు పెద్దవి.

ఫ్లిన్ ఫ్లాన్‌లో మిగిలింది పేరు, రింకు, ఊరి జనం. లీగు స్థానం పోయిన అదే ఏడాది ఊరు బాంబర్స్ పేరుతోనే ఉత్తర మానిటోబా చిన్న లీగులో జట్టు దింపింది. కిందిమెట్టు ఆడటానికి సిగ్గుపడలేదు. 1984లో సస్కాచెవాన్ జూనియర్ లీగులో చేరింది. 1993లో ఆ లీగు గెలిచింది. 2022, 2023ల్లో వరసగా తుది పోరు దాకా వెళ్లింది. అమ్మకానికి పెట్టగలిగింది లీగులో చోటు ఒక్కటే. జట్టును కొనుక్కుపోవడం ఎవరివల్లా కాలేదు.

నడిపే పద్ధతిలోనే దీనికి కారణముంది. బాంబర్స్‌కు యజమాని లేడు. ఊరివాళ్లే సభ్యులుగా, లాభాపేక్ష లేని సంఘంగా అది నడుస్తుంది. టికెట్లు, ఊరి దుకాణాల ప్రకటనలు, విరాళాలు, సేకరణ కార్యక్రమాల డబ్బే ఆదాయం. ఆట రోజున తలుపు దగ్గర నిలబడేది, టీ కాఫీలు అమ్మేది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. అభిమానుల ఆచారాలూ ఊరివే: ప్లేఆఫ్ ఆటల్లో గోల్ పడినప్పుడు వేటాడి తెచ్చిన మూస్ దుప్పి కాలును మంచు మీదికి విసరడం దేశమంతా తెలిసిన ఫ్లిన్ ఫ్లాన్ ఆచారం.

ఈ జీవితానికి ప్రమాదపు అంచూ ఉంది. 2018 ఏప్రిల్ 6న బాంబర్స్ ఆడే సస్కాచెవాన్ జూనియర్ లీగుకే చెందిన హంబోల్ట్ బ్రాంకోస్ జట్టు బస్సు ఆటకు వెళ్తూ ఒక కూడలిలో లారీని ఢీకొంది. పదహారు మంది చనిపోయారు. పదమూడు మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో ఆటగాళ్లు, శిక్షకులు, జట్టుతో ప్రయాణిస్తున్న సిబ్బంది ఉన్నారు. చిన్న ఊళ్ల జూనియర్ హాకీ అంటే చలికాలమంతా బస్సులో గడిపే బాల్యమని దేశం ఆ రోజు గుర్తించింది. లారీ డ్రైవర్ల శిక్షణను తప్పనిసరి చేసే నియమాలు ఆ తర్వాత కట్టుదిట్టమయ్యాయి. లీగు మరుసటి సీజను ఆడింది. హంబోల్ట్ కూడా ఆడింది.

6. గని ముగింపు

ఫ్లిన్ ఫ్లాన్‌ను దూరం నుంచి గుర్తుపట్టించేది 251 మీటర్ల పొగగొట్టం. 1974లో కట్టారు. కొలుముల పొగలో గంధకంతో పాటు సీసం, కాడ్మియం లాంటి లోహాలు దశాబ్దాల పాటు చుట్టుపక్కల నేల మీద పడ్డాయి. అడవి పలచబడింది. గని ఇచ్చిన కూలీతో పాటు ఇది కూడా లెక్కలో రాయాలి. రాగి కొలిమి 2010లో ఆగింది. 2004లో మొదలైన 777 గనిలో ఖనిజం అయిపోయి 2022లో మూతపడింది. జింకు కర్మాగారమూ అప్పుడే ఆగింది. తొంభై ఏళ్లకు పైగా నడిచిన పని ముగిసింది.

ఒకప్పుడు పదివేలు దాటిన జనాభా అంతకు ముందే సగానికి తగ్గింది. 2025 మే చివర్లో కార్చిచ్చు దగ్గరికి రావడంతో ఊరినంతా ఖాళీ చేయించారు. పక్కనున్న డెనేర్ బీచ్ గ్రామంలో వందల ఇళ్లు కాలిపోయాయి. ఫ్లిన్ ఫ్లాన్ ఇళ్లు దక్కాయి. నెల రోజుల లోపు జనం తిరిగి వచ్చారు.

7. మన దేశంలో దీనికి దగ్గరివి

భారతదేశంలో ఐస్ హాకీకి సహజమైన నేల లద్దాఖ్. లేహ్ చుట్టుపక్కల కుంటలు గడ్డకట్టే కొద్ది వారాలే అక్కడ సీజను. సైనిక దళాలు, స్థానిక యువకులు ఆటను పెంచారు. 1989లో భారత్ అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య సభ్యదేశమైంది. 2025లో భారత మహిళల జట్టు ఆసియా కప్పులో కాంస్యం గెలిచింది. ఆ జట్టుకు బలం లద్దాఖ్ పల్లెల అమ్మాయిలే.

గడ్డి మీది హాకీలో ఫ్లిన్ ఫ్లాన్‌కు సరితూగేది ఒడిశా వాయవ్య మూలనున్న సుందర్‌గఢ్ జిల్లా. ఆదివాసీ పల్లెల్లో వెదురు కర్రతో ఆడే హాకీ పోటీల్లో గెలిచినవారికి మేకపోతు బహుమతి. అందుకే వాటిని ఖస్సీ పోటీలంటారు. అలాంటి పల్లెల్లో ఒకటైన సౌనామారా నుంచి భారత జట్టు మాజీ నాయకుడు దిలీప్ టిర్కీ వచ్చాడు. అతను దేశం తరఫున నాలుగు వందలకు పైగా అంతర్జాతీయ ఆటలాడాడు. 1985లో పాన్‌పోష్‌లో పెట్టిన క్రీడా హాస్టల్ ఈ పల్లెల పిల్లలను చేరదీసింది. 2023లో ప్రపంచ కప్పు ఆటలు రూర్కెలాలోని బిర్సా ముండా స్టేడియానికి వచ్చాయి. వరస గమనించాలి: ముందు పల్లె పోటీ, తర్వాత హాస్టల్, ఆ తర్వాత స్టేడియం.

8. చరిత్ర చెప్పేది

బాంబర్స్ చరిత్రలో మూడు సంగతులు తేటగా కనబడతాయి.

మొదటిది, ఆట ఆ నేలకు తగినది. చౌకగా దొరికే మంచు మీద పుట్టింది కాబట్టే ప్రతి ఇంటికీ చేరింది. తూర్పు కనుమల ఊళ్లకు మంచు అక్కర్లేదు. వాలీబాల్, కబడ్డీ, విలువిద్య, కొండ దారుల్లో పరుగు ఇక్కడి నేలకు, ఇక్కడి పిల్లల ఒంటికి తగినవి. ఆశ్రమ పాఠశాలల మైదానాలు, సంక్రాంతి పోటీలు ఇప్పటికే ఉన్న పునాది.

రెండోది, నేర్చినవాడు తిరిగి వచ్చి నేర్పడం. 1957లో ఆడిన గినెల్ 1966లో తిరిగి రాకపోతే క్లార్క్ చేతికి వైద్యుల ఉత్తరం వచ్చేది కాదు. కుర్రాణ్ని ఎరిగిన మనిషి పక్కన ఉంటేనే ప్రతిభ దారి తప్పకుండా సాగుతుంది. పతకం తెచ్చిన పిల్లలకు సన్మానం చేసి వదిలేయడం కన్నా, వాళ్లకు సొంత మండలంలో శిక్షకుడి ఉద్యోగం ఇవ్వడం ఎక్కువ ఫలితమిస్తుంది.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, సొంతదారీ. టైడా ఉన్న అనంతగిరి మండలానికి ఈ మాట కొత్త కాదు. షెడ్యూల్డు ప్రాంత భూములను గనుల కోసం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు బొర్రా పంచాయతీ ఊళ్ల గనుల తగాదా నుంచే పుట్టింది. నేల ఎవరిదన్న ప్రశ్నకు ఆ తీర్పు బదులిచ్చింది. ఆటస్థలం, జట్టు, పోటీ ఎవరివన్న ప్రశ్నకు కూడా అదే స్పష్టతతో బదులుండాలి. కంపెనీ కట్టించిన మైదానం కంపెనీ వెళ్లినప్పుడు బీడు పడుతుంది. పథకం కింద వచ్చిన సామాను పథకం ముగిసినప్పుడు తుప్పు పడుతుంది. గ్రామసభ తనదిగా చూసుకుని, ప్రతి ఇల్లూ ఎంతోకొంత ఇచ్చి, ఏటా తప్పకుండా నడిపే జట్టు నిలుస్తుంది.

ఫ్లిన్ ఫ్లాన్‌కు ఖనిజం ఇచ్చిన సంపదలో ఎక్కువ భాగం ఊరి బయటికి పోయింది. జట్టు ఇచ్చినది ఊళ్లోనే ఉండిపోయింది: వేరే ఊరి కుర్రాణ్ని కొడుకులా చూసుకునే ఇళ్లు, ఓటమి తర్వాతి సీజనుకు మళ్లీ టికెట్టు కొనే అలవాటు, ఉమ్మడి పని చేయగలమన్న నమ్మకం. ఒక చిన్న ఊరు తన పిల్లల ఆటను దాదాపు వందేళ్లు కాపాడుకోగలిగిందంటే ఆ నమ్మకమే ఆధారం. ఏ కొండ ఊరైనా దాన్ని తనంత తానుగా కట్టుకోగలదు.